గారు పట్టని టేబుల్

పుష్పలత మేడమ్ తిరువూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతుంది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళలో ఒకరిద్దరు పై చదువులకెళ్ళి, డాక్టరేట్లు తెచ్చుకుని, వాటిని పేరు ముందు తగిలించుకుని, శుభలేఖ ఇవ్వడానికి ఆవిడ ఇంటికే వచ్చారు. మేడమ్ మాత్రం ఇంకా పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలోనే ఉంది. "ఎంతవరకొచ్చింది మేడమ్?" అని ఎవరైనా అడిగితే "పిందె దశలో ఉంది" అనేది. పరిశోధన మామిడి పిందె రాలడం మీద కాబట్టి ఆ జవాబు మొదట్లో చమత్కారంగానే ఉండేది. రానురాను అడిగినవాళ్ళు జాలిగా చూడటం మొదలుపెట్టారు. ఇప్పుడావిడ ఆ మాట మానేసి "అవుతోంది" అంటోంది.

ఒక రెండో శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఫోను తిప్పుతుంటే ఒక మెయిలు కనబడింది. వచ్చి మూడు రోజులైంది. చీరల డిస్కౌంటు మెయిళ్ళ మధ్య ఇరుక్కుపోయి ఉంది. ఆ డిస్కౌంటు మెయిళ్ళు మాత్రం మేడమ్ ఏ రోజుకారోజు చదివేసింది. ఇరుక్కున్న మెయిలు ఒక జర్నల్ వాళ్ళది. మీ వ్యాసం తీసుకున్నాం, అయితే మీ రెండో టేబుల్ తన కాలమ్ దాటి పక్క కాలమ్ మీదికెక్కింది, కింద ఉన్న అక్షరాలు కనబడటం లేదు, శనివారం సాయంత్రం ఐదింటిలోగా సరిచేసి పంపండి, ఆరు పేజీలు దాటకూడదు, పంపకపోతే ఈ సంచికలో వేయలేం అని రాశారు.

ఈ సంచికలో పడకపోతే థీసిస్ మరో ఏడాది వెనక్కి పోతుంది. అది ఆవిడకి అలవాటైన సంగతే, పెద్ద భయం లేదు. భయమంతా ఆ టేబుల్లో నాలుగో వరసలో ఉన్న పేరు దగ్గరుంది. ఆ పేరు అచ్చులో పడుతుందని మేడమ్ ఒక పెద్దమనిషికి మాటిచ్చింది.

ఆ పెద్దమనిషి పెనుగొలను రైతు వీరరాఘవయ్య గారు. మేడమ్ మొదటిసారి ఆయన తోటకి వెళ్ళినప్పుడు సంచీ నిండా రంగు దారాలు పట్టుకెళ్ళింది. ఏ కొమ్మకి ఎన్ని పిందెలున్నాయో, వారం వారం ఎన్ని రాలుతున్నాయో లెక్కపెట్టాలంటే కొమ్మకి గుర్తు కట్టుకోవాలి. ఎర్ర దారం, పచ్చ దారం కడుతూ ఉంటే ఆయన భార్య రావమ్మ గారు వచ్చి కాసేపు చూసి, "ఏం మొక్కు అమ్మా ఇది?" అని అడిగింది. మొక్కు కాదండీ, రీసెర్చి అని మేడమ్ చెప్పింది. ఆదివారం తప్పకుండా చర్చికెళ్ళే మనిషి చెట్లకి దారాలు కడుతోందని ఊళ్ళో అప్పటికే అనుకోవడం మొదలైంది. పక్కింటావిడ తమ చెట్టుకీ ఒకటి కట్టమని అడిగింది. మేడమ్ కాదనలేక కట్టింది కూడా. ఆ చెట్టు ఆవిడ లెక్కలో లేదు.

వీరరాఘవయ్య గారు మాత్రం మొక్కుల గురించి అడగలేదు. "దీనివల్ల మాకేంటి?" అని సూటిగా అడిగాడు. ఆయనకొచ్చే లాభమేమీ లేదు. లేదని చెబితే కొమ్మలు ముట్టుకోనివ్వడు. తడబడి, "మీ పేరు పుస్తకంలో పడుతుందండీ" అనేసింది. ఆయన మొహం విప్పారింది. "ఇంగ్లీషు పుస్తకంలోనా?" అని ఇంకోసారి అడిగి, ఏ కొమ్మకి కావాలంటే ఆ కొమ్మకి కట్టుకోమన్నాడు. మరో పదకొండు తోటల్లో మేడమ్ ఇదే మాట చెప్పి, ఇదే పని చేసుకుంది. పేరు పడటం అనేది ఇంత పలికే సరుకని తెలిస్తే ముందునుంచీ దీంతోనే మొదలుపెట్టేదాన్నని అప్పట్లో ఆవిడ అనుకుంది కూడా.

అలా పన్నెండు మంది రైతుల పేర్లూ టేబుల్లోకి వచ్చాయి. ఉత్త పేర్లు కాదు. పుష్పలత వాళ్ళ నాన్న ప్రభుదాసు మాస్టారు సైకిలు రిపేరు చేసేవాణ్ణి కూడా గారు అనే మనిషి. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల తెల్లవెంట్రుకలున్న రైతుని నాలుగు దేశాలవాళ్ళు చదివే కాగితం మీద ఒంటిపేరుతో పిలవగలదా? పిలవలేక, టేబుల్లో ప్రతి పేరు పక్కనా ఇంగ్లీషు అక్షరాల్లోనే 'గారు' అని పెట్టింది. వీరరాఘవయ్య గారు, పెనుగొలను. ఇంకో ఫలానా గారు, విస్సన్నపేట. వ్యాసం చూసిన ఇద్దరు పరీక్షకుల్లో ఒకాయన మార్జిన్లో, ఈ 'గారు' అనేది మామిడిలో ఏ రకమో వివరించగలరు అని రాశాడు. అప్పుడైనా మేడమ్‌కి బుద్ధి రావాల్సింది. ఆవిడ దాన్ని వివరిస్తూ అరపేజీ జవాబు రాసి పంపింది.

ఇప్పుడా జర్నల్ వాళ్ళ పేజీ నిలువునా రెండు జడలు వేసినట్టు రెండు సన్నటి కాలమ్‌లుగా ఉంటుంది. ఆ సగం పేజీలో తోట ఎవరిది, ఏ ఊరు, ఏ రకం, ఎన్ని కొమ్మలు, ఎన్ని పిందెలు, ఎన్ని రాలాయి, వందకి ఎన్ని అనే ఏడు గడులూ పట్టాలి. పైగా వాళ్ళు లేటెక్ అనే సాఫ్ట్‌వేరులోనే పంపమంటారు. వర్డులో అయితే మౌసుతో గీత పట్టుకుని ఇటో అటో లాగొచ్చు. లేటెక్‌లో గీత కావాలంటే ఫలానా చోట గీత గీయవలసిందిగా రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవాలి. ఒక బ్రాకెట్టు మరిచిపోతే అర్జీ తిరిగొస్తుంది. ఎందుకు తిరిగొచ్చిందో అందులో రాసే ఉంటుంది గానీ, చదివినవాడికి తెలియదు.

మేడమ్‌కి ఈ విద్య నేర్పింది కిరీటి. ఒకప్పుడు ఆవిడ స్టూడెంటే, ఇప్పుడదే కాలేజీలో కంప్యూటర్స్ లెక్చరరు. ఫోన్ చేసి సంగతి చెబితే, "ఏముంది మేడమ్, టేబుల్ అనే మాట పక్కన ఒక స్టార్ పెట్టండి, రెండు కాలమ్‌లూ కలుపుకుని పేజీ అడ్డంగా పరుచుకుంటుంది" అన్నాడు. పెట్టింది. పరుచుకుంది. కానీ ఉండాల్సిన చోట ఉండకుండా లేచి వెళ్ళి, వ్యాసమంతా అయిపోయాక, రిఫరెన్సులు కూడా అయిపోయాక, ఏడో పేజీలో ఒంటరిగా కూర్చుంది. ఆరు పేజీలు దాటకూడదని మెయిల్లో రాసిన వాక్యాన్ని మేడమ్ ఇంకోసారి చదివి స్టార్ తీసేసింది.

తర్వాత టేబుల్ మొత్తాన్ని కాలమ్ వెడల్పుకి కుదించమని అర్జీ పెట్టింది. కుదించింది. పేర్లన్నీ ఎంత చిన్నగా అయ్యాయంటే, ఆవాలు చల్లినట్టున్నాయి. కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. వీరరాఘవయ్య గారికి చూపించి ఇదిగోనండీ మీ పేరు అంటే ఆయన భూతద్దం అడుగుతాడు. అదీ తీసేసింది.

ఈ గొడవలో ఇంకోటి బయటపడింది. ఐదో వరసలో శాంతయ్య తోట ఉంది. వీరరాఘవయ్య గారి తోటకి ఆనుకునే ఉంటుంది. శాంతయ్య ఒకప్పుడు వీరరాఘవయ్య గారి తోటలోనే కాపలా ఉండేవాడు. అన్నదమ్ములు కలిసి కష్టపడి పక్క తోట కొనుక్కున్నాక గేటు మీద 'శాంతయ్య & బ్రదర్స్' అని రంగుతో రాయించుకున్నాడు. మేడమ్ బోర్డు మీద ఎలా ఉందో అలాగే టేబుల్లో ఎక్కించింది. లేటెక్‌లో ఆ ముడి గుర్తు కనబడితే ఒక గడి అయిపోయింది, పక్క గడిలోకి జరుగు అని అర్థమట. దాంతో శాంతయ్య ఒక గడిలో, తమ్ముళ్ళు ఊరుండాల్సిన గడిలో పడ్డారు, ఊరు మామిడి రకం గడిలో పడింది. ఇన్నాళ్ళూ జర్నల్ వాళ్ళ లెక్కలో ఆ అన్నదమ్ములు పెనుగొలను రకం మామిడి పండిస్తున్నారు. ఆ గుర్తు ముందు ఒక ఏటవాలు గీత పెడితే సర్దుకుంటుందని కిరీటి చెప్పాడు. మేడమ్ గీత పెట్టి, తమ్ముళ్ళని అన్న దగ్గరికి చేర్చి, చాలాసేపటికి ఒక మంచిపని చేసినట్టు ఫీలయింది.

మధ్యాహ్నానికి ఇక తప్పక 'గారు'లు తీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ తీస్తుంటే పెద్దవాళ్ళ ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టనిపించింది. పన్నెండూ తీసేశాక చూస్తే పదకొండు పేర్లు బుద్ధిగా గడుల్లో సర్దుకున్నాయి. ఒక్కటి సర్దుకోలేదు. ఇంగ్లీషులో వీరరాఘవయ్య అని రాస్తే మూరెడు పొడుగుంటుంది. ఆ ఒక్క పేరు తోకే గీత దాటి పక్క కాలమ్‌లోకి తొంగి చూస్తోంది.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, పేరు ఎప్పుడు పడుద్దండీ?"

"ఇవాళే ఆ పని మీదే ఉన్నానండీ."

"ఏం లేదు, ఇంటిపేరు కూడా వేయిస్తారేమోనని. ఊళ్ళో వీరరాఘవయ్య ఇంకొకడున్నాడు. రేపు పుస్తకం వచ్చాక వాడొచ్చి అది నేనేనంటాడు. వేములపల్లి అని ముందు పెట్టిస్తే గొడవుండదు."

"చూస్తానండీ" అంది మేడమ్. ఫోన్ పెట్టేసి తెర వంక చూసింది. ఉన్న పేరుకే చోటు లేదు, దానికి ముందు వేములపల్లి కూడా వస్తోంది.

గడి వెడల్పు కట్టేసి, పేరుని రెండు లైన్లుగా విరవమని చెప్పి చూసింది. విరిచింది. పైన వీరరా, ఒక అడ్డగీత, కింద ఘవయ్య. నిండు మనిషిని నడుం దగ్గర మడతపెట్టినట్టుంది. పైగా ఆ పెరిగిన ఒక్క లైనుతో వ్యాసం చివరి వాక్యం ఏడో పేజీలోకి జారింది. ఆ వాక్యం కృతజ్ఞతలది. పన్నెండు పేర్లనీ అక్కడికి మారుద్దామా అంటే, పరిశోధనకు సహకరించిన రైతులకు ధన్యవాదాలు అనే ఆ ఒక్క వాక్యానికే చోటు లేదు.

"వి.ఆర్. అని పెట్టేయండి మేడమ్" అన్నాడు కిరీటి ఫోన్లో.

"ఆయన చెప్పుకుంటోంది వి.ఆర్. పడుతుందని కాదు బాబూ."

"అయితే అందరివీ నెంబర్లు చేసేయండి. తోట ఒకటి, తోట రెండు. పెద్ద పెద్ద జర్నల్స్‌లో అలానే ఉంటుంది. అసలు పేర్లు వేయకూడదు కూడా మేడమ్."

అసలు పేర్లు వేయకూడదు కూడా. ఈ ముక్క పరిశోధన మొదలుపెట్టినప్పుడే తెలిసి ఉండాల్సింది తనకి. బోర్డు ముందు నిలబడి పిల్లలకి రీసెర్చి మెథడాలజీ చెప్పేది కూడా తనే. మేడమ్ లేచి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. నాలుగున్నర దాటాక ఒక్కొక్క పేరూ చెరిపేసి, తోట అనడానికి టి ఒకటి, టి రెండు అని పెట్టుకుంటూ పోయింది. వీరరాఘవయ్య గారు టి నాలుగు అయ్యాడు. శాంతయ్య, తమ్ముళ్ళు కలిసి టి ఐదు అయ్యారు. టేబుల్ గీత మీద గీత పడ్డట్టు కాలమ్‌లో ఒదిగింది. పక్కన చోటు కూడా మిగిలింది. చోటు చాలక పేర్లు తీసేశామని రాస్తే బాగుండదు కాబట్టి, టేబుల్ కింద చిన్న అక్షరాల్లో, రైతుల గోప్యత దృష్ట్యా వివరాలు ఇవ్వడం లేదు అని రాసింది. తను ఇంత సులువుగా అబద్ధమాడగలదని ఆవిడకి ఆ రోజే తెలిసింది. ఐదు కాకముందే పంపేసింది.

పంపేశాక తెలిసొచ్చింది. తీసేసింది పేరు కాదు, ఇచ్చిన మాట. మూడు కాపులు ఆ మనిషి తోటలో తిరిగి, ఆయన ఇంట్లో మజ్జిగ తాగి, పెళ్ళిళ్ళలో ఆయన పక్కన కూర్చోబెడితే కూర్చుని భోంచేసి, చివరికి ఆ పేరు నాలుగు అక్షరాలు ఎక్కువైందని చెరిపేసింది. మళ్ళీ ఫోన్ వస్తే ఏం చెప్పాలో తెలియదు. ఫోన్లో చెప్పే సంగతి కాదనుకుని, మర్నాడు చర్చి అయ్యాక తెల్లచీర కూడా మార్చుకోకుండా షేర్ ఆటో ఎక్కింది. సంచీలో టేబుల్ ప్రింటు ఉంది.

వీరరాఘవయ్య గారు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రావమ్మ గారు టీ తెచ్చింది. మేడమ్ టీ ముట్టుకోకుండా కాగితం తీసి మంచం మీద పరిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"మీ పేరు పడలేదండీ. చోటు చాల్లేదు. అందరివీ తీసేశాను. మాటిచ్చి తప్పాను, క్షమించండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వస్తాయి.

"ఇందులో మాదేది?"

మేడమ్ టి నాలుగు మీద వేలు పెట్టింది. ఆయన ఆ వరస వెంట తన వేలు జరుపుకుంటూ చివరి గడిదాకా వెళ్ళి ఆగాడు.

"తొంభై రెండు. ఇదేంటిది?"

"రెండో ఏటి కాపులో వంద పిందెలకి అన్ని రాలాయని."

ఆయన వేలు ఆ గడిలోనే ఉంచి, పైకీ కిందికీ చూశాడు. అరవైలున్నాయి, డెబ్భైలున్నాయి. తొంభై దాటింది ఒక్కటే.

"అంటే అందరికన్నా మాదే ఎక్కువ రాలింది."

మేడమ్ కూడా ఆ గడిలోకి చూసింది. ఆ అంకె తనే వేసింది. ఆ వరసని నిన్న పొద్దున్నుంచీ అటు కుదించి, ఇటు సాగదీసి, విరిచి, అతికి, ఆ పేరు ఎంత పొడుగుందో చూసింది గానీ ఆ పేరుకి ఎదురుగా ఏముందో చూడలేదు. తను అనుకున్నట్టు జరిగుంటే పన్నెండు తోటల్లోకీ అధ్వాన్నమైన తోట ఫలానా వారిదని ఇంటిపేరుతో సహా, పక్కన గారు పెట్టి మరీ, అచ్చేయించేది.

"అది మనం బెజవాడ ఆస్పత్రిలో ఉన్న ఏడు కదూ" అన్నాడాయన భార్యతో. రావమ్మ గారికి ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఆపరేషనైంది. నెల పైన అక్కడే ఉన్నారు. తోటకి మోటరు వేసేవాళ్ళు లేరు. "పేరు తీసేసి మంచిపని చేశారు మేడమ్ గారూ. పేరు పడితే ఎన్ని రాలాయో చూస్తారు గానీ, ఎందుకు రాలాయో ఎవరు చూస్తారు."

టీ తాగమన్నాడు. మేడమ్ గ్లాసు అందుకుంది. బతికిపోయాననుకోవడానికి సిగ్గేసింది గానీ, అనుకుంది.

ఇంతలో మేడమ్ వచ్చిందని తెలిసి శాంతయ్య గేటు తీసుకుని లోపలికొచ్చాడు. "పుస్తకం వచ్చిందటగా రాఘవయ్య గారూ, మా పేరు కూడా పడిందా?" అంటూ కాగితం మీదికి వంగాడు. పేర్లు లేవని, నెంబర్లే ఉన్నాయని మేడమ్ చెప్పింది.

"అయితే ఏది ఎవరిదండీ?"

"అది చెప్పకూడదండీ. రూలు" అంది మేడమ్. నిన్న అబద్ధంగా రాసిన ముక్కే ఇవాళ నిజమై అడ్డం నిలబడింది.

వీరరాఘవయ్య గారు గొంతు సవరించుకున్నాడు. పేరు పడుతుందని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి. వేలు మెల్లగా కింది వరసలోకి జరిపి, అన్నింటికన్నా తక్కువున్న అరవై ఒకటి మీద పెట్టి, "ఇదైతే మనదేలే" అన్నాడు. అది టి ఐదు. శాంతయ్యదీ తమ్ముళ్ళదీ. మేడమ్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. రావమ్మ గారు మొగుడి మొహంలోకి చూసింది.

"ఉంటుందండీ, మీ చేతి మహిమ" అన్నాడు శాంతయ్య మనస్ఫూర్తిగా. తర్వాత అంకెలన్నీ వెతికి తొంభై రెండు దగ్గర ఆగాడు. మొహం చిన్నబోయింది. "మాది ఇదే అయ్యుంటుంది. తమ్ముళ్ళకి చెబుతూనే ఉన్నాను, పిందె మీదున్నప్పుడు నీళ్ళు తగ్గించొద్దని. వాళ్ళు వినరు. అంతకాలం మీ దగ్గర పనిచేసి కూడా మాకు తోట చూసుకోవడం రాలేదండీ."

నీది బంగారంలాంటి తోట అని చెప్పాలని మేడమ్‌కి నోటి చివరిదాకా వచ్చింది. చెబితే ఈయన పరువు పోతుంది. చెప్పకపోతే అతని మనసు నలుగుతుంది. ఏం చేయాలో తోచక కాగితం మడవబోయింది. వీరరాఘవయ్య గారు దాని మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"అది నాది శాంతయ్యా" అన్నాడు. "ఆ తొంభై రెండు నాది. ఇందాక ఊరికే అన్నాను. మా ఆవిడకి ఆపరేషనైన ఏడు. నెలన్నర నీళ్ళు లేవు తోటకి."

శాంతయ్య కాగితం మీంచి తల ఎత్తాడు.

"కంచెకి అవతలే ఉన్నాను కదండీ" అన్నాడు. "రోజూ మోటరు వేస్తూనే ఉన్నాను. ఒక్క మాట అంటే మీ తోటలోకి నీళ్ళ మడవ తిప్పేవాణ్ణి."

"అడగలేకపోయాన్రా" అన్నాడు వీరరాఘవయ్య గారు.